మూడు పూతల ఉయ్యాల

రంగు పని నేర్చుకుంటామని వచ్చేవాళ్ళు నన్ను మొదట అడిగేది బ్రష్షు ఎట్లా పట్టుకోవాలని. అది పది రోజుల్లో వస్తుంది. ఏ సామాను మీద బ్రష్షు పెట్టకూడదో తెలియడానికే నాకు చాలా ఏళ్ళు పట్టింది, అది కూడా నా తెలివితో తెలియలేదు.

మార్కాపురంలో కాపురం ఉంటూ పాత చెక్క సామానుకు రంగులు వేసి బతికాను. బీరువాలు, మంచాలు, పడక కుర్చీలు, ఉయ్యాలలు. పిలిచినవాళ్ళ ఇంటికే పోయి, వసారాలోనో పెరట్లోనో గోనెపట్టా పరుచుకుని పని చేసేవాణ్ణి. ఇప్పుడు కుడి చెయ్యి మణికట్టు దగ్గర సరిగా లేవదు. ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటాయి. మాటలు మాత్రం వంకర పోకుండా చూసుకుంటాను.

ఎవరు మెచ్చుకున్నారు, ఎవరు శాలువా కప్పారు అన్నవి రాయను. కప్పినవాళ్ళూ లేరు.

పేరు సంగతి

నా పేరు పెంటయ్య. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. మా అమ్మకు నాకంటే ముందు ముగ్గురు పుట్టి పోయారు. నేను పుట్టగానే మా అవ్వ నన్ను చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టింది. పక్కింటావిడ ఏమీ ఎరగనట్టు అటు వచ్చి నన్ను ఎత్తుకుపోయింది. తర్వాత మా అమ్మ ఆమె గుమ్మం దగ్గరికి పోయి, చేటెడు తవుడు ఇచ్చి నన్ను కొనుక్కుంది. పారేసిన వస్తువు, తవుడుకు కొన్న వస్తువు, ఇలాంటిదాని కోసం చావు కూడా రాదని నమ్మకం. బేస్తవారిపేట చుట్టుపక్కల మా వయసువాళ్ళలో పెంటయ్యలు, పుల్లయ్యలు అట్లా వచ్చినవాళ్ళే.

నేను బతికాను. దాంతో నాది మంచి చెయ్యి అని పేరొచ్చింది. పసిపిల్లల ఉయ్యాలకు రంగు వేయించాలంటే కంభం, గిద్దలూరు దాకా నన్నే పిలిచేవాళ్ళు. నాకంటే పనిమంతులు ఉండేవాళ్ళు, వాళ్ళకు శ్రీనివాసులు, వెంకటేశ్వర్లు అని మంచి పేర్లు కూడా ఉండేవి. కానీ చావు వదిలేసిన చెయ్యి నాదొక్కటే. ఆ మాట అబద్ధమో నిజమో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. పని తెచ్చే మాటను కాదనేంత మంచివాణ్ణి కాదు. మీకు చెప్పాల్సిన తప్పుల్లో ఇది మొదటిది.

కర్నూలు అక్షరాలు

నేను పనిలో చేరింది మా తాలూకాలను కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన రోజుల్లో. నాకు పని నేర్పినవాడు కాసిం ఉస్తాద్. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, మాట్లాడితే ముక్కు మీద కోపం, పనిలో మాత్రం కోపం చూపించేవాడు కాదు. జిల్లా మారడంతో మాకు చేతినిండా పని. ఆఫీసు బల్లల వెనక, కుర్చీల వీపుల మీద కర్నూలు పేరు, నంబర్లు రాసి ఉండేవి. వాటి మీద రంగు పూసి కొత్త జిల్లా పేరు రాయాలి.

రాశాం. ఒక వానాకాలం పోయింది. కొత్త పేరు కింద నుంచి పాత అక్షరాలు మెల్లగా పైకి తేలాయి. గుమాస్తా ఒకాయన మమ్మల్ని పిలిపించి కుర్చీ చూపించాడు.

“ఏంది ఉస్తాద్, జిల్లా మళ్ళా కర్నూలుకే పోతాందా?”

“పాత అక్షరంలో నూనె ఎక్కువుంది సార్. కొత్త రంగు దాన్ని పైకి పీలుస్తాంది” అన్నాడు ఉస్తాద్.

అది నేను నేర్చుకున్న మొదటి పాఠం. రంగు కింద పెట్టినది ఎక్కడికీ పోదు. ఆరోజు నవ్వుకున్నాం.

ఆరని చెయ్యి

దొనకొండలో ఒక రిటైరైన పంతులుగారు పోయాక, ఆయన భార్య ఆయన పడక కుర్చీకి రంగు వేయించింది. అప్పటికి నేను ఒంటరిగా పనికి పోతున్నాను. కుర్చీ అంతా రెండు రోజుల్లో ఆరింది. కుడిచేతి కర్ర మీద ఒక చోటు ఆరలేదు. వారం చూశాను, రెండు వారాలు చూశాను. పచ్చిగా మెరుస్తూనే ఉంది. దగ్గరికి పోయి చూస్తే ఆ ఆరని చోటు చెయ్యి ఆకారంలో ఉంది. నాలుగు వేళ్ళు కిందికి, బొటనవేలు పక్కకు.

ఇరుగుపొరుగు ఆ ఇంటికి రావడం తగ్గించారు. నాకూ భయమే. ఉస్తాద్‌ను తీసుకుపోయాను. ఆయన గుడ్డతో తుడిచి వాసన చూసి, “ఆముదం” అన్నాడు. పంతులుగారు ఏళ్ళ తరబడి తలకు ఆముదం రాసుకుని, ఆ చేతినే కర్ర మీద పెట్టి కూర్చున్నాడు. ఆముదం తాగిన చెక్క మీద రంగు ఆరదు. లక్కను స్పిరిట్‌లో కరిగించి రెండు పూతలు వేసి, నూనెను లోపలే మూసేసి, ఆ పైన రంగు వెయ్యాలి. నేను ఆ పూత వెయ్యలేదు. తొందర.

లక్క డబ్బా తీస్తుంటే ఆ అమ్మ వచ్చి ఆపింది. “వద్దు నాయనా. అట్లనే ఉండనీ. పొద్దున పూట నేను ఆడ చెయ్యి పెడితే అంటుకుంటాంది.”

ఉస్తాద్ డబ్బా మూత పెట్టేశాడు. 

మన పనిలో భయపెట్టేవాటిలో చాలావాటికి కారణం నూనెలోనో చెక్కలోనో దొరుకుతుంది. ఏగిస చెక్క తడిస్తే ఎర్రగా కారుతుంది, తెల్ల రంగు మీద నెత్తురు మరకలా కనిపిస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం బీరువా తలుపు టప్పుమంటుంది. ఇవన్నీ నాకు కొట్టిన పిండి అయ్యాయి. వింత కనిపిస్తే కారణం చెప్పి నవ్వేసే అలవాటైంది. ఆ అలవాటు వల్లే, నిజంగా భయపడాల్సింది కళ్ళ ముందు కూర్చుంటే గుర్తుపట్టలేకపోయాను.

ఉస్తాద్ నాలుక

ఆ కాలంలో ఇంటి రంగులకు మేం వాడేది సఫేదా. తెల్లటి పొడి, చాలా బరువు. మార్కాపురం పలక రాయి మీద పోసి అవిసె నూనెతో నూరేవాళ్ళం. ఏ రంగు కావాలన్నా అందులో కలపడమే. కొత్త పొట్లం విప్పగానే ఉస్తాద్ చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేవాడు. “తియ్యగా ఉంటే అసలు సరుకు” అనేవాడు. నేనూ అట్లాగే చూసేవాణ్ణి. నిజంగానే నాలుక చివర కొంచెం తియ్యగా ఉండేది.

పోయే ముందు రెండేళ్ళు ఉస్తాద్ కుడి చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. నొప్పి లేదు, దెబ్బ లేదు. చెయ్యి ముందుకు చాపితే అరచెయ్యి తలకిందులుగా వేలాడేది. టీ గ్లాసు రెండో చేత్తో పట్టుకునేవాడు. ఏ దేవత పీటనో గీకి ఉంటాడని జనం అన్నారు. ఆయన కూడా అదే నమ్మాడు. ఎప్పుడు ఏ ఇంట్లో ఏ పీట గీకాడో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ నాకు చెప్పేవాడు. తాయెత్తులు కట్టించుకున్నాడు. వాలిన చెయ్యి లేవకుండానే పోయాడు.

మొదటి పూత

గిద్దలూరులో నాగరత్నమ్మగారిది పచారీ దుకాణం పెట్టుకున్న కుటుంబం. ముందు దుకాణం, వెనక ఇల్లు. కొడుకు పెళ్ళయ్యాక వ్యాపారం వాడికి అప్పగించింది గానీ ఇంట్లో మాట ఆమెదే. కోడలు సుశీల తొలిచూలు గర్భిణి. అటక మీద నుంచి ఒక ఉయ్యాల దింపించి నా కోసం మనిషిని పంపారు.

ఏగిస చెక్క ఉయ్యాల. నాలుగు పక్కలా చిన్న కమ్మీలు, పైన పట్టుకునే అడ్డకర్ర. నాగరత్నమ్మ మామ, భర్త, కొడుకులు అందరూ అందులోనే పెరిగారు. ఎన్నడూ రంగు ఎరగదు. పిల్లల ఒంటి ఆముదం తాగి తాగి నల్లగా నున్నగా ఉంది.

“కోడలి పుట్టింటోళ్ళు వచ్చి ఇదేంది ఇట్ల నల్లగుంది అన్నారు పెంటయ్యా” అంది నాగరత్నమ్మ. “నీ చెయ్యి పడితే మంచిది. కొత్తదాన్లెక్క చెయ్యి.”

దొనకొండ పాఠం గుర్తుంది కాబట్టి ఈసారి తొందర పడలేదు. సోడా నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, లక్క పూతలు వేసి, సఫేదాలో చిలకాకుపచ్చ కలిపి పూశాను. అద్దంలా వచ్చింది. పని అయ్యాక ఉయ్యాల అడుగున నల్లరంగులో బొటనవేలు ముంచి ఒక ముద్ర వేశాను. పసిబిడ్డ బుగ్గన పెట్టే దిష్టి చుక్క లాంటిదే అది. నేను చేసిన ప్రతి ఉయ్యాల కింద నా వేలిముద్ర ఉంటుంది.

మగపిల్లవాడు పుట్టాడు. బొద్దుగా ఉన్నాడని, రంగు చూసి నవ్వుతాడని కబురు వచ్చేది. పళ్ళు వచ్చిన నాలుగైదు నెలలకు పిల్లవాడు పాలిపోయాడు. కడుపు పట్టుకుని ఏడ్చేవాడు, తిన్నది నిలిచేది కాదు. చివరికి మూర్ఛలు వచ్చి పోయాడు.

రెండో పూత

సుశీలకు మళ్ళీ నెల తప్పాక నాగరత్నమ్మ నన్ను పిలిపించింది. ఉయ్యాల వసారాలో పెట్టి ఉంది. ఆమె దూరంగా నిలబడింది.

“అది ఈ ఉయ్యాలను గుర్తు పెట్టుకొనింది పెంటయ్యా. రంగు మార్చు. వచ్చి చూసి, ఇది కాదులే అని పోవల్ల.”

అది అంటే ఏది అని నేను అడగలేదు. పెంటకుప్ప మీద పడుకుని వచ్చినవాణ్ణి, నాకు చెప్పాలా. ఆకుపచ్చ పూత గట్టిగా ఉంది, గీకే పని లేదు. దాని మీదే పసుపు వేశాను. ఇంకాస్త మందంగా వేశాను. అడుగున ఇంకో వేలిముద్ర పెట్టాను.

ఈసారీ మగపిల్లవాడే. పేరు పెట్టే రోజు ముందుగా పొత్రం రాయిని గుడ్డలో చుట్టి ఉయ్యాలలో పెట్టి ఊపి, ఆ తర్వాత బిడ్డను పడుకోబెట్టారు. రాయిలా గట్టిగా ఉండాలని. వాడూ పళ్ళు వచ్చినదాకా బాగున్నాడు. పళ్ళు వచ్చాక అన్నలాగే పాలిపోయి, అట్లాగే పోయాడు.

గిద్దలూరులో అందరికీ తెలిసిపోయింది. ఆ ఇంటికి వచ్చేది పళ్ళు చూసి వస్తుందట. పళ్ళు లేని బిడ్డ జోలికి పోదట.

మూడో పూత

మూడోసారి నేను పోయేసరికి సుశీలకు ఏడో నెల. అప్పటికి నాకూ ఒంట్లో బాగుండటం లేదు. కడుపులో మెలిపెట్టే నొప్పి వచ్చేది. ఇంటికి చెప్పకుండా మింగేవాణ్ణి.

మధ్యాహ్నం నాగరత్నమ్మ దుకాణంలోకి పోయింది. ఉయ్యాల వసారాలో దూలానికి వేలాడుతోంది. అన్నం తిని గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నాను. కరకర అని వినబడింది. చిన్న శబ్దం, ఆగి ఆగి. కర్రను ఎవరో చిన్న పళ్ళతో కొరుకుతున్నట్టు. కళ్ళు తెరిచాను. ఎవరూ లేరు. గాలి లేదు. ఉయ్యాల మాత్రం కొద్దిగా కదులుతోంది.

ఎలుక అనుకున్నాను. లేచి ఉయ్యాల పట్టుకుని ఆపి, లోపల చూశాను, అడుగున చూశాను. అప్పుడు గుమ్మంలో నుంచి సుశీల గొంతు వినబడింది.

“నీకూ వినపడిందా అన్నా?”

ఆమె గొంతులో ఆశ్చర్యం లేదు. గడప దగ్గర కూర్చుని ఉంది, చేతులు కడుపు మీద.

“ఎలుకేమోనమ్మా.”

“దినామూ ఈ టయానికే వస్తాది. నా ఇద్దరు పిల్లలూ నిద్ర లేసే టయం. అత్తకు చెప్పలేదు.”

ఏదో ఒకటి చెయ్యాలని అడ్డకర్రను ఎండకు తిప్పి చూశాను. దాని మీద పంటిగాట్లు ఉన్నాయి. బియ్యపు గింజంత గాట్లు, రెండు వరసలు. పసుపులో నుంచి కింది ఆకుపచ్చ కనిపిస్తోంది, కొన్ని చోట్ల ఆకుపచ్చలో నుంచి చెక్క కనిపిస్తోంది. ఆకుపచ్చ దాకా దిగినవి చిన్నవాడివి. చెక్క దాకా దిగినవాటిలో పెద్దవాడివి కూడా ఉన్నాయో ఏమో. వేలితో తడిమాను. నా వృత్తిలో చూసినవాటిలో అంత భయపెట్టింది ఇంకొకటి లేదు. జవాబు అక్కడే ఉంది, వేలి కింద ఉంది. నేను దెయ్యం గురించి ఆలోచిస్తున్నాను.

“రంగు మార్చితే అది మోసపోతాదా అన్నా?” అంది సుశీల.

“నేను బతికినా కదమ్మా. నా చేతి రంగు ఇది.”

“ఈసారి నిలబడుతాదా? నాకు నిజం చెప్పు. నిలబడదంటే ఇప్పుడే చెప్పు, నేను దానికి పేరు అనుకోను, గుడ్డలు కుట్టను.”

తెలియదు అని చెప్పాల్సింది. నా పేరు అడ్డం వచ్చింది. “నిలబడుతాది. కుట్టుకో తల్లీ” అన్నాను.

పంటిగాట్లలో లప్పం కూరి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, నీలం వేశాను. గాట్లు ఎక్కడున్నాయో నాకే కనిపించలేదు. అడుగున మూడో వేలిముద్ర పెట్టాను.

ఆడపిల్ల పుట్టింది. లలిత అని పేరు పెట్టారు.

కర్నూలు బస్సు

లలితకు ఎనిమిదో నెల వచ్చేసరికి నా కుడి చెయ్యి బ్రష్షు బరువు మొయ్యడం మానేసింది. ముందుకు చాపితే అరచెయ్యి కిందికి వేలాడింది, ఉస్తాద్‌కు వాలినట్టే. నేను ఏ పీట గీకానా అని ఆలోచన మొదలైంది. మా ఆవిడ తాయెత్తు మాట ఎత్తనివ్వలేదు. పెద్దాసుపత్రికి పొమ్మంది. జిల్లా మారినా మా రోగాలు కర్నూలుకే పోయేవి.

డాక్టరు నా చెయ్యి చూడకముందే నా పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. పళ్ళ మొదట్లో సన్నటి నల్లగీత ఉందన్నాడు.

“రంగులు కలుపుతావా?”

“అవును సార్.”

“తెల్ల పొడా? బరువుగా ఉంటుందా? నోట్లో పెట్టుకుంటావా?”

నాలుక మీద వేసుకుని చూస్తామని చెప్పాను. అది సీసం అని చెప్పాడు. మెల్లగా ఒంట్లో చేరుతుందని, కడుపును మెలిపెడుతుందని, చేతులు వాలుస్తుందని చెప్పాడు. కాగితం మీద రాస్తూ, ఊరికే అడిగినట్టు అడిగాడు. “ఇంట్లో పసిపిల్లలు ఉన్నారా? రంగు వేసిన బొమ్మలు, ఉయ్యాలలు పళ్ళొచ్చే పిల్లలు కొరుకుతారు. తియ్యగా ఉంటుంది కదా. వాళ్ళ ఒళ్ళు తట్టుకోలేదు.”

మంచం మీద నుంచి లేచాను. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చెయ్యి సహకరించలేదు, అట్లాగే బయటికొచ్చాను. నంద్యాల బస్సు, అక్కడి నుంచి అడవి దాటి గిద్దలూరు బస్సు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బస్సు నడిచేవాళ్ళతో సమానంగా పోతుంది. ఎనిమిది నెలలు, ఎనిమిది నెలలు అని లోపల అనుకుంటూ కూర్చున్నాను. పక్కన అడవి నుంచి తేనె పట్టుకొచ్చే ముసలాయన, “ఏంది నాయనా, ఎవరన్నా పోయినారా?” అని అడిగాడు. ఇంకా తెలియదు అన్నాను.

ఆ ఇంట్లో అడుగు పెట్టేసరికి మధ్యాహ్నం. వసారాలో ఎవరూ లేరు. కరకర అని వినబడింది. చిన్న శబ్దం, ఆగి ఆగి. పది నెలల కిందట గోడకు ఆనుకుని నేను విన్న శబ్దమే అది, వెంట్రుకవాసి తేడా లేదు. నీలం ఉయ్యాలలో లలిత నిలబడి ఉంది. రెండు చేతులతో అడ్డకర్ర పట్టుకుని, దాన్ని నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. నన్ను చూసి నవ్వింది. కింద రెండు పళ్ళు.

పరిగెత్తిపోయి ఎడమ చేత్తో పిల్లను ఎత్తాను. అలికిడికి అత్తాకోడళ్ళు ఇద్దరూ వచ్చారు. నిలబడే చెప్పాను. సఫేదాలో విషం ఉందని, పిల్లలు కొరికింది అదేనని, వచ్చేదీ పోయేదీ ఏమీ లేదని, ఉన్నదంతా నేను పూసిందేనని.

నాగరత్నమ్మ నేల మీద కూలబడింది. “మా మామ, మా ఆయన, నా కొడుకులు అందరూ దీంట్లోనే పెరిగినారు. ఉత్త చెక్క. దీనికి రంగేయించల్లని నాకే బుద్ధి పుట్టె. మూడు మాట్లు నేనే పిలిపిస్తిని. రంగు మార్చు, రంగు మార్చు అని.”

ఆమె ఏడవలేదు. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంటూ ఉంది.

సుశీల పిల్లను నా చేతిలో నుంచి తీసుకుంది. వేలు నోట్లో పెట్టి చిగుళ్ళ పక్క నుంచి ఒక పెళ్ళ తీసింది. చిటికెన వేలి గోరంత ఉంది. లప్పం కూరిన గాటు అంచున పాత పూతలతో కలిసి రంగు అట్లాగే పెళ్ళగా ఊడుతుంది. ఆమె దాన్ని కొంగుతో తుడిచి వెలుతురుకు పట్టుకుని చూసింది. అంచున గీతలు కనిపిస్తున్నాయి. పైన నీలం, మధ్యలో పసుపు, కింద ఆకుపచ్చ. చాలాసేపు చూసి నా అరచేతిలో పెట్టింది.

“నీదే కదా అన్నా” అంది.

నన్ను తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. సుశీల భర్త దుకాణంలో నుంచి వచ్చి అంతా విన్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఉయ్యాలను విప్పి నాతోపాటు ఒక పక్క పట్టుకుని మోసి, మా ఊరు చేర్చడానికి దుకాణం సరుకుల బండిలో పెట్టాడు. ఆ సాయంత్రం బస్సుకే పిల్లను కర్నూలు తీసుకుపోయారు.

లలిత బతికింది. చాలా నెలలు ఆసుపత్రి చుట్టూ తిరిగారు. ఒక చెవి సరిగా వినపడదు. అది సీసం వల్లో ఇంకో దానివల్లో డాక్టర్లు చెప్పలేదు, నాకు అడిగే ధైర్యం లేకపోయింది.

మీకు చెప్పేది

ఆ తర్వాత నేను వేలిముద్ర వేసిన ప్రతి ఇంటికీ పోయాను, గుర్తున్నంత వరకు. కొందరు తలుపు వేశారు. కొందరు బూతులు తిట్టారు. కంభంలో ఒకామె మాత్రం, “మా పిల్లలు బాగానే ఉండారు, నీది మంచి చెయ్యి పెంటయ్యా” అని మజ్జిగ ఇచ్చింది. ఆ గ్లాసు అరుగు మీద పెట్టి వచ్చేశాను. గుర్తులేని ఇళ్ళు ఎన్నో, వాటిలో ఏం జరిగిందో నాకు తెలియదు. ఇది తెలియకుండానే పోతాను.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళే ఫోన్లో చూసి పాత బీరువాలకు, మంచాలకు రంగులు వేసుకుంటున్నారు. వేసుకోండి, మంచి పని. డబ్బా మీద సీసం లేదని రాసి ఉంటే సంతోషం. అది కొత్త రంగు సంగతి. మీరు గీకబోయేది పాత రంగు, మాలాంటి వాళ్ళు వేసింది. దాన్ని పొడిగా గీకకండి, మిషను పెట్టి రుద్దకండి, మంట పెట్టి కాల్చకండి. ఏముందో పరీక్ష చేయించండి. చేయించలేకపోతే దాని జోలికి పోకండి. చూలింతలున్న ఇంట్లో, పిల్లలున్న ఇంట్లో ఆ పని పెట్టుకోకండి. ఆ చేతులతో అన్నం తినకండి. ఉయ్యాలకు అసలు రంగే వద్దు. నల్లగా ఉంటే నల్లగా ఉండనివ్వండి. చుట్టాలు ఏమన్నా అననివ్వండి.

ఇంకో మాట. మీ చెయ్యి మంచిదని ఎవరైనా అంటే, ఆ మాటను పనిముట్ల సంచిలో వేసుకోకండి.

ఆ ఉయ్యాల నా దగ్గరే ఉంది. కాలిస్తే పొగ, గీకితే దుమ్ము, ఎవరికైనా ఇస్తే పాపం. వెనక గదిలో పెట్టి కదలకుండా తాడుతో కట్టాను. ఖాళీ ఉయ్యాల ఊగకూడదు కదా. అయినా కొన్ని మధ్యాహ్నాలు ఆ గదిలో నుంచి కరకర అని వినబడుతుంది. ఎలుకే అంటుంది మా ఆవిడ. నేనూ సరేనంటాను. అడ్డకర్ర మీద కొత్త గాటు ఒక్కటి కూడా ఉండదు.

పోయిన నెల లలిత వచ్చింది. ఐదో నెల. నడక అంతా వాళ్ళమ్మదే. వినపడే చెవి నా వైపు తిప్పి కూర్చుంది.

“పెంటయ్య మామా, ఆ ఉయ్యాల నీ దగ్గరుందంట కదా. నాకియ్యి. నేను బతికిన ఉయ్యాల అది. నా బిడ్డకు కలిసొస్తాది.”

“మీ అమ్మ నీకేమీ చెప్పలేదా?”

“నాకంటే ముందు ఇద్దరు పోయినారని తెలుసు. అంతకుమించి ఎత్తనియ్యదు.”

ఆ ఇంటివాళ్ళకు రెండోసారి ఆ మాటలు చెప్పడం మొదటిసారికంటే కష్టంగా ఉంది. మొదటి నుంచి అంతా చెప్పాను, వాళ్ళమ్మకు నిలబడుతాదని నేను మాటిచ్చిన సంగతితో సహా. చివర్న, వాళ్ళమ్మ ఇచ్చిన పెళ్ళను దాచిన అగ్గిపెట్టెను దేవుడి గూట్లో నుంచి తీసి ఇచ్చాను. తెరిచి, ఆ పెళ్ళను వేలి కొసతో తాకకుండా, పెట్టెనే వెలుతురుకు తిప్పి చూసింది, వాళ్ళమ్మ చూసినట్టే.

“కింద ఆకుపచ్చ ఎవరు?”

“మీ పెద్దన్న.”

“పసుపు?”

“మీ చిన్నన్న.”

పెట్టెను ఇంకాస్త వెలుతురుకు వంచింది.

“పైన నీలం?”

“అది నువ్వేనమ్మా.”

అగ్గిపెట్టె మూసి కొంగున ముడేసుకుంది. ఉయ్యాల మాట మళ్ళీ ఎత్తలేదు. ఎండ తగ్గాక ఆమెను గిద్దలూరు బస్సు ఎక్కించి ఇంటికి వచ్చాను.